పదిమందిలో ఆరుగురు

కీబోర్డును బోర్లించి వెనకనుంచి రెండు తట్లు తట్టాడాయన. నిన్నటి పిల్లలు తిన్న బిస్కట్ పొడి, విరిగిన పెన్సిలు మొన, ఎవరిదో తలపిన్ను రాలాయి. పిన్నును తీసి సొరుగులో ఉన్న రేకుడబ్బాలో వేశాడు. ఆ డబ్బా నిండా పిన్నులు, గుండీలు, పెన్ను మూతలు. ఇన్నేళ్ళలో నా గుండీ ఇక్కడ పోయిందని వచ్చి అడిగినవాళ్ళు ఒక్కరూ లేరు. అయినా వేశాడు. తరవాత బల్లను తడిగుడ్డతో ఒకసారి, పొడిగుడ్డతో ఒకసారి తుడిచి, కుడిపక్కనున్న చెక్క స్టూలును జానెడు ముందుకు జరిపి, మళ్ళీ బెత్తెడు వెనక్కి లాగాడు. వచ్చినవాళ్ళు కూర్చుంటే వాళ్ళకు కంప్యూటరు తెర కనపడాలి, మోకాళ్ళు మాత్రం బల్లకు తగలకూడదు. ఇరవై రెండేళ్ళుగా ఈ జానెడూ బెత్తెడూ పొద్దున్నే జరుగుతున్నాయి. పొద్దుపోయేసరికి పిల్లలు దాన్ని ఎక్కడెక్కడికో ఈడ్చేస్తారు.

ఈ సాయంత్రం అయిదింటికి ఈ కాలేజీ లైబ్రరీలో ఆయన ఉద్యోగం అయిపోతుంది. వీడ్కోలు సభ వద్దని ఆయనే ముందుగా ప్రిన్సిపాలును కాళ్ళావేళ్ళా పడి బతిమాలుకున్నాడు. మైకు ముందు నిలబడటం ఆయనవల్ల కాదు. అందుకని నిన్న స్టాఫ్ రూములో టీ, బిస్కట్లతో సరిపెట్టారు. ఆయన మూడు బిస్కట్లు తిని, కప్పు కడిగి, వచ్చేశాడు.

మనిషి పొడుగు. పొడుగుకు తగ్గ ఒళ్ళు లేదు. పెద్ద పెద్ద రిజిస్టర్లు ఎడంచేత్తో మోసీ మోసీ ఆ భుజం కాస్త కిందికి దిగింది. కళ్ళద్దాలకు నల్లదారం, చొక్కా జేబులో రెండు పెన్సిళ్ళు. కుడిచేతి చూపుడువేలు పక్కన చిక్కుడుగింజంత కాయ. అది కార్డులు రాయగా రాయగా వచ్చింది. పిల్లలు ఆయన్ను కార్డుల సారు అంటారు. అసలు పేరు జీతాల పట్టీలో తప్ప ఎక్కడా వినపడదు.

ఆ కార్డులది కొంచెం కథ. పూర్వం ఈ లైబ్రరీలో ఏ పుస్తకం ఎక్కడుందో చెప్పే జాబితా అంతా కార్డుల మీదే ఉండేది. అరచెయ్యంత అట్టముక్క, దానిమీద పుస్తకం పేరు, రాసినవారి పేరు, బీరువా నంబరు. దస్తూరీ బాగుందని ఇరవై నాలుగేళ్ళ వయసులో ఆయన్ను తీసుకున్నది ఆ కార్డులు రాయడానికే, అదీ ఆరునెలలకని. కంప్యూటర్లు వచ్చాక కార్డులన్నీ పాత కాగితాలవాడికి వేసేద్దామన్నారు. ఆయన పోట్లాడలేదు. అంత గుండెధైర్యం ఆయనకు ఏనాడూ లేదు. రోజూ సాయంత్రం ఒక సంచెడు చొప్పున ఎవరూ చూడకుండా వెనకగదికి చేరవేశాడంతే. ఇప్పుడు ఎవరైనా సమాచారం కావాలని వస్తే ముందు వాళ్ళ చేతిలో ఒక కార్డు పెడతాడు. దాని వెనకవైపు, ఖాళీగా ఉన్నచోట, వాళ్ళ ప్రశ్న ఒక్క వాక్యంలో రాయాలి. తరవాత అందులో అక్కర్లేని మాటలు కొట్టెయ్యాలి. మిగిలిన మాటల కింద, అదే సంగతిని ఇంకొకరు ఏమంటారో రాయాలి. పిల్లవాడు కాళ్ళనొప్పి అంటాడు, డాక్టరు ఇంకోటంటాడు, పరిశోధన చేసినవాడు మూడోదంటాడు. ఇదంతా అయ్యాకే కీబోర్డు ముట్టుకోవాలి. సగంమంది పిల్లలకు కార్డు నింపేసరికే తమకేం కావాలో తెలిసిపోయి, మొహం వెలిగిపోతుంది. ఆ వెలుగు చూడటానికే ఆయన ఇన్నేళ్ళు ఇక్కడ ఉన్నాడంటే అబద్ధం కాదు.

నెట్టు మీద ఆయనకు కోపమేం లేదు. బస్సు టైములు, కుళాయి కారితే ఏం చెయ్యాలన్నది, అన్నీ ఆయనా అక్కడే చూసుకుంటాడు. చదువు సంగతి వచ్చేసరికి మాత్రం ఒప్పుకోడు. నెట్టును అడగడం దారినపోయే మనిషిని అడ్రసు అడగడంలాంటిదని ఆయన లెక్క. తెలియదని చెప్పడానికి మొహమాటపడి ఏదో ఒక సందు చూపించేస్తాడు. కాలేజీవాళ్ళు చందా కట్టి తెప్పించుకునే పరిశోధన వ్యాసాల డేటాబేసులు అలా కాదు. ఎవరు, ఎప్పుడు, ఎంతమందిని, ఎలా పరీక్షించి ఆ మాట తేల్చారో చూపిస్తాయి. లేకపోతే సున్నా అని చూపించి ఊరుకుంటాయి. ఆ సున్నా అంటే ఆయనకు భలే గౌరవం.

పొద్దున బయల్దేరేటప్పుడు భార్య గుమ్మంలో అడ్డం నిలబడి అడిగింది.

"ఇవాళైనా నా స్టూలు తెస్తారా?"

"తెస్తాలే."

"ఒక్కరోజుకని పట్టుకెళ్ళారు. మన అమ్మాయి అప్పుడు మూడో తరగతి. ఇప్పుడు దాని కూతురు మూడో తరగతి."

స్టూలు నిజంగా ఆవిడదే. అటక మీద సామాను దించుకోవడానికి పుట్టింటినుంచి తెచ్చుకుంది. అది పోయినప్పటినుంచి అటక మీదనుంచి ఏం కావాలన్నా మొగుణ్ణి పిలుస్తుంది. ఆయన చెయ్యెత్తి అందిస్తాడు. ఈ ఏర్పాటు ఇద్దరికీ బాగానే ఉంది కాని, దెప్పడం మాత్రం ఆవిడ మానలేదు.

పదిన్నరకు ఒకమ్మాయి వచ్చి బల్ల ముందు నిలబడింది. డిగ్రీ మూడో సంవత్సరం. చంకలో ఫైలు, చేతిలో ఫోను. రాత్రి నిద్ర పోనట్టుంది, కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"కూర్చో తల్లీ."

"పర్లేదు సార్. చిన్న పనే."

"నిలబడి అడిగితే అన్నీ చిన్న పనులే అవుతాయి. కూర్చో."

కూర్చుంది. ఫైలు తెరిచింది. అది ఆమె ప్రాజెక్టు రిపోర్టు. బట్టల షాపుల్లో అమ్మే పని చేసే ఆడవాళ్ళ గురించి. వాళ్ళకు కూర్చోవడానికి ఏమీ ఉండదు, ఉన్నా కూర్చోనివ్వరు. ఈ అమ్మాయి వాళ్ళమ్మ అలాంటి షాపులోనే పని చేస్తుంది. పొద్దున తొమ్మిదికి నిలబడితే మళ్ళీ ఇంటికొచ్చాకే కూర్చోవడం. వచ్చాక కూడా కూర్చోదట. నేలమీద పడుకుని కాళ్ళు గోడకు ఎత్తిపెట్టుకుంటుందట. గోడమీద రెండు మడమల మచ్చలు పడిపోయాయని, సున్నం వేసినా పోలేదని చెప్పింది.

"మా లెక్చరర్ మేడమ్ దీన్ని కార్మిక శాఖకు అర్జీతోపాటు పంపిస్తానన్నారు సార్. షాపుల్లో సీట్లు వేయించాలని. ఇవాళ అయిదింటికల్లా పంపాలి. ఇవాళే ఆఖరు. కాని ఇదిగో, ఈ ఒక్క వాక్యం దగ్గర ఎర్ర పెన్నుతో చుట్టేశారు."

ఆయన కళ్ళద్దాలు సర్దుకుని చదివాడు. నిలబడి పనిచేసే ప్రతి పదిమందిలో ఆరుగురికి కాళ్ళ నరాలు ఉబ్బుతాయి. పక్కన ఎర్రగా రెండు ముక్కలు: ఎవరు చెప్పారు?

"ఎవరు చెప్పారూ?" అన్నాడాయన కూడా.

"అందరూ చెప్పారు సార్. నెట్‌లో కొడితే నలభై సైట్లు వచ్చాయి. నలభైలోనూ ఇదే ఉంది. పదిమందిలో ఆరుగురు. ఎక్కడిదో మాత్రం ఒక్కళ్ళూ రాయలేదు. షాపుల తరపున లాయర్లు వస్తారట, మొదటి ప్రశ్న ఇదే వేస్తారట. తేలకపోతే పంపనన్నారు మేడమ్."

"ఈ వాక్యం తీసేసి పంపరాదూ?"

"తీసేస్తే ఇంకేం మిగిలింది సార్, మా అమ్మకి కాళ్ళనొప్పులు అన్నమాట తప్ప?"

ఆయన సొరుగు లాగాడు. కార్డు తీసి ఇచ్చాడు. అమ్మాయి గబగబా రాసింది, కొట్టేసింది. 'నిలబడి' కింద ఏం రాయాలో తోచలేదు.

"నిలబడటాన్ని ఇంకేమంటారు సార్? నిలబడటమే."

"మీ అమ్మ నిలబడుతుంది. వాళ్ళు దాన్ని పని భంగిమ అంటారు. దీర్ఘకాలం నిటారుగా ఉండటం అంటారు. వాళ్ళ భాషలో అడిగితే గాని పలకరు వాళ్ళు, కొంచెం పెద్దింటివాళ్ళు."

అమ్మాయి నవ్వింది. పొద్దుట్నుంచి మొదటిసారి నవ్వినట్టుంది. కార్డు నిండాక ఆయన తన కుర్చీలోంచి లేచాడు. "నువ్విటు రా. నువ్వే కొట్టాలి." ఇదీ ఆయన అలవాటే. పిల్లల పని ఆయన చేతుల్తో చెయ్యడు. మామూలుగా వాళ్ళ వెనక నిలబడి చూస్తాడు. ఇవాళ ఎందుకో మోకాళ్ళు పట్టేసినట్టుండి స్టూలుమీద కూర్చున్నాడు. కూర్చోగానే అది ఒకపక్కకు ఒరిగి, మళ్ళీ ఇంకోపక్కకు ఒరిగింది.

"ఇదేమిటి, ఊగుతోంది?"

"ఎప్పుడూ ఊగుతుంది సార్. ఒక కాలు కురచ."

"నాకెవరూ చెప్పలేదే."

"మీరు కూర్చోమంటారుగా సార్, కూర్చుంటాం. మేము ఫస్టియర్‌లో ఉన్నప్పుడు సీనియర్లు ముందే చెప్పేశారు, ఎడంపక్కకి బరువెయ్యొద్దని."

ఇరవై రెండేళ్ళ బట్టి ఆ స్టూలుమీద ఆయన ఒక్కసారి కూడా కూర్చోలేదన్న సంగతి అప్పుడు తట్టింది. పిల్లలందరూ బాలెన్సు చేసుకుంటూ కూర్చుని ప్రశ్నలు రాశారన్నమాట. ఆయనకు సిగ్గేసింది, నవ్వూ వచ్చింది.

ఈ పదేళ్ళ వ్యాసాలుండే డేటాబేసులో మొదట రెండువందల పన్నెండు వచ్చాయి. నిపుణులు పరిశీలించి అచ్చువేసినవి మాత్రమే అని ఒక గడిలో టిక్కు పెట్టించాడు. నూటనలభై అయ్యాయి. దుకాణాల్లో పనిచేసేవారు అని చేర్పించాడు. ముప్ఫై ఒకటి. అమ్మాయి ఒక్కోటీ తెరుస్తూ పోయింది. నడుంనొప్పి ఉంది, పాదాల వాపు ఉంది, నరాలు కూడా ఉన్నాయి. పదికి ముగ్గురన్నవారున్నారు, నలుగురన్నవారున్నారు. ఆరుగురన్నవారు లేరు. మధ్యాహ్నం ఒంటిగంట అయింది. ఆయన తన డబ్బాలోని అన్నం సగం ఆ పిల్లకు పెట్టబోతే వద్దంది. గట్టిగా చెప్తే తింది.

"పోనీ ఎదురునుంచి వద్దాం," అన్నాడాయన. "నీ నలభై సైట్లలో ముందుగా రాసింది ఎవరో చూడు. తేదీలు ఉంటాయిగా."

అమ్మాయి ఫోనులో ఒక్కోటీ తీసి తేదీలు కాగితంమీద వేసుకుంటూ పోయింది. ఒకణ్ణి చూసి ఒకడు రాశారు. ఒకచోట ఉన్న అచ్చుతప్పు తొమ్మిది చోట్ల యథాతథంగా ఉంది. చివరికి అన్నిటికన్నా పాతది దొరికింది. దాని అడుగున చీమతలకాయంత అక్షరాల్లో, ఒక కళాశాల ఆరోగ్య కరపత్రం ఆధారంగా అని ఉంది. దానిమీద నొక్కింది.

"సార్, ఇది మన కాలేజీ సైటే!"

ఆయన ముందుకు వంగాడు. స్టూలు ఒరిగింది. తెరమీద ఆకుపచ్చ రంగు పేజీ. ఒక మూల మనిషి కాలు బొమ్మ. పైన శీర్షిక: మనల్ని మోసే కాళ్ళను మనం మరిచిపోదామా? కింద పదహారు సంగతులు. పదకొండోది, నిలబడి పనిచేసే ప్రతి పదిమందిలో ఆరుగురికి.

అది ఆయన పెట్టిన శీర్షికే. పెట్టినప్పుడు చాలా మురిసిపోయాడు కూడా. పద్నాలుగేళ్ళ కిందట కాలేజీలో ఆరోగ్య ప్రదర్శన పెడితే, లైబ్రరీ తరపున ఒక స్టాలు ఉండాలని, దానికొక కరపత్రం కావాలని అన్నారు. రెండు రోజుల్లో తయారుచేసి ఇచ్చాడు. కింద కాలేజీ పేరుంది, ఆయన పేరు లేదు. ఒక్కదానికీ ఆధారం చూపించలేదు.

ఎవరికీ తెలియదు. ఇంకో మూడు గంటల్లో వెళ్ళిపోతున్నాడు. ఈ అంకెకు ఆధారం లేదమ్మా, వదిలేసెయ్ అంటే అది అబద్ధం కూడా కాదు. ఆధారం లేని మాట నమ్మకండి నాయనా అని రోజుకు పదిసార్లు చెప్పే మనిషి, ఈ నలభైమందికీ తానే గురువని ఒప్పుకోవడమంటే ఎంత నామర్దా. పక్కన ఆ పిల్ల నమ్మకంగా తనకేసి చూస్తోంది.

"ఇది రాసింది నేనేనమ్మా," అన్నాడు.

అమ్మాయి మొహం విప్పారింది. "అయితే ఇంకేం సార్! మీ పేరు వేసేస్తాను. సోర్సు దొరికేసింది."

"నేను సోర్సునెలా అవుతాను తల్లీ? నేను ఒక్క కాలైనా చూసినవాణ్ణి కాను. ఎక్కడో చదివి రాసినవాణ్ణి. తొందరలో రాసినవాణ్ణి."

లేచి వెనకగదికి వెళ్ళాడు. అక్కడ పాత కార్డుల బీరువా ఒకటి మిగిలి ఉంది. దాని అడుగు సొరుగుల్లో ఆయన సొంత కార్డులు ఏడాది వారీగా ఉంటాయి. తాను ఏది వెతికినా దానికొక కార్డు రాసి పెట్టుకోవడం ఆయనకు మొదటినుంచీ ఉంది. పద్నాలుగేళ్ళ కిందటి సొరుగు లాగితే సగంలో ఇరుక్కుంది. కిందికి వంచి లాగితే వచ్చింది. పావుగంట వెతికాడు. దొరికింది. తన గుండ్రటి అక్షరాల్లో పత్రిక పేరు, సంపుటం, పేజీ, పదికి ఆరు. మూలన పెన్సిలుతో ఒక సున్నా చుట్టి, అందులో 'సం'.

'సం' అంటే సంగ్రహం. వ్యాసం మొదట్లో పది పంక్తుల్లో ఇచ్చే సారాంశం. అప్పట్లో ఆ పత్రికకు సంగ్రహం మాత్రమే తెరమీద వచ్చేది, పూర్తి వ్యాసం కావాలంటే బయట లైబ్రరీకి రాసి తెప్పించుకోవాలి. సంగ్రహం ఒక్కటే చూసిన కార్డుమీద ఆయన 'సం' అని గుర్తు పెట్టేవాడు. పూర్తిగా చదివేదాకా దాన్ని వాడకూడదని ఆయన పెట్టిన రూలే అది. సంగ్రహం చదివి సంతకం పెట్టకండర్రా అని పిల్లలకు చెప్పే మాట కూడా ఆయనదే. గుర్తు పెట్టాడు. పెట్టి, వాడేశాడు.

ఆ వారం ఏమైందా అని ఆలోచించాడు. ఇంట్లో ఎవరికైనా జబ్బు చేసిందా, ఎవరైనా పోయారా. అలాంటిదేదైనా దొరికితే మనసుకు కొంచెం ఊరటగా ఉండేది. ఏమీ గుర్తు రాలేదు. స్టాలుకు టైమైపోయింది, అంతే.

కార్డు తెచ్చి బల్లమీద పెట్టాడు. "పాత పత్రికలకు వేరే డేటాబేసు ఉంది, అందులో ఈ పేరు కొట్టు. పాత సంచికలన్నీ ఇప్పుడు పూర్తిగా వస్తాయి."

వస్తాయని ఆయనకు గట్టిగా తెలుసు. పాత సంచికలున్న ఆ డేటాబేసు తెప్పించమని మూడేళ్ళపాటు ప్రిన్సిపాలు గది చుట్టూ తిరిగింది ఆయనే. వ్యాసం ఒక నిమిషంలోపే తెరుచుకుంది. ఈ ఒక్క నిమిషం పని తాను ఇన్నేళ్ళు చెయ్యలేదు కదా అనుకున్నాడు.

రెండువందల పద్నాలుగుమంది బట్టల షాపుల, చెప్పుల షాపుల పనివాళ్ళు. ఒక్కొక్కరి కాళ్ళూ డాక్టర్లు చూశారు. ఏడో పేజీలో పట్టిక. అమ్మాయి వేలు పెట్టి చదువుతోంది, ఆయన పక్కనుంచి చూస్తున్నాడు. పదికి ఆరుగురు అన్నమాట ఉంది. అది అందరికీ కాదు. పదేళ్ళు దాటి నిలబడి పనిచేసినవాళ్ళలో. అంతకు తక్కువ సర్వీసున్నవాళ్ళలో పదికి ఇద్దరు.

"అయితే తప్పే కద సార్ నేను రాసింది," అంది అమ్మాయి నీరసంగా.

"నేను రాసింది. నువ్వు నమ్మావు. ఇంకా కిందికి పో, పట్టిక అయిపోలేదు."

కింద ఇంకో వరస ఉంది. గంటకు పది నిమిషాలు కూర్చునే వీలున్న షాపుల్లో, పదేళ్ళు దాటినవాళ్ళలో సైతం ఆరుగురు కాదు, ముగ్గురే.

అమ్మాయి ఆ వరసను రెండుసార్లు చదివింది. తరవాత వేలు అక్కడే ఉంచి అంది, "ఇది నెట్‌లో ఎక్కడా లేదు సార్."

"ఉండదు. నేను రాయలేదుగా."

"మా అమ్మ చేరింది నేను ఒకటో తరగతిలో ఉన్నప్పుడు. అంటే పద్నాలుగేళ్ళు."

ఆయన తెరమీదనుంచి చూపు తిప్పుకున్నాడు. కరపత్రం వేసిన ఏడాదే. ఆ ఏడాది ఈ ఏడో పేజీదాకా వచ్చి ఉంటే, భయపెట్టే అంకెకు బదులు పది నిమిషాలు కూర్చోనివ్వండి అన్నమాట అచ్చయి ఉండేది. నలభైమంది కాపీ కొట్టింది ఆ మాటనే అయి ఉండేది. దానివల్ల ఏ యజమానైనా ఒక స్టూలు వేసేవాడో లేదో ఎవరు చెప్పగలరు? కాని ఆయనకు చాలా బాధ కలిగింది. దాన్ని దాచుకోలేదు.

"మీ అమ్మగారికి నేను చెప్పాల్సింది చెప్పలేదమ్మా," అన్నాడు.

"ఇప్పుడు చెప్పారు కద సార్," అని అమ్మాయి కీబోర్డును దగ్గరికి లాక్కుంది.

మూడున్నరకల్లా ఆ పేజీ తిరగరాసింది. పాత వాక్యం పోయి, దాని చోట మూడు వాక్యాలు వచ్చాయి. కింద వ్యాసం పేరు, పత్రిక, సంపుటం, పేజీ. ప్రింటు తీసుకుని పరుగెత్తబోతే ఆయన ఆగమన్నాడు. చొక్కా సర్దుకుని ఆమెతోపాటు రెండో అంతస్తు మెట్లెక్కాడు.

లెక్చరర్ మేడమ్ ఆయన్ను చూసి లేచి నిలబడింది. చదువుకునే రోజుల్లో ఆవిడా ఆ స్టూలుమీద కూర్చుని కార్డు నింపినదే. "ఆఖరిరోజు మీరెందుకు సార్ ఇంత ఎండలో మెట్లెక్కి రావడం?"

"నేనే చెప్పాలి. ఆ తప్పు అంకె మన కరపత్రంలోది. కరపత్రం నాది."

మేడమ్ ఒక్క క్షణం ఆయన మొహంలోకి చూసింది. పట్టిక తీసుకుని చదివింది, కింది వరస దగ్గర ఆగింది, ఎర్ర పెన్ను తీసి మూత పెట్టేసింది. "ఇంక ఏ లాయరైనా రానీండి, ఎన్నైనా అడగనీండి," అని అర్జీకి జతచేసి, కవరులో పెట్టి, అంటించింది. నాలుగింటి టపాలో అది వెళ్ళింది. అమ్మాయి కవరు వెళ్ళినవైపే చూస్తూ నిలబడిపోతే, మేడమ్ కుర్చీ లాగి కూర్చోబెట్టింది.

ఆయన అక్కణ్ణుంచి కిందికి, ఆఫీసుకు వెళ్ళాడు. కాలేజీ సైటు చూసే ఆపరేటరు కంప్యూటరు కట్టేసి సంచి సర్దుకుంటున్నాడు.

"ఆ పేజీ ఇప్పుడు దిద్దాలా సార్? పద్నాలుగేళ్ళనాటిది. దాన్ని ఎవరు చూస్తారు?"

"నలభైమంది చూశారు బాబూ."

ఆపరేటరు నిట్టూర్చి మళ్ళీ కంప్యూటరు పెట్టాడు. పదకొండో సంగతి మారింది. కింద, ఇంతకుముందు ఇక్కడ పొరపాటుగా ఉండేదని, పూర్తి వ్యాసం ఎక్కడుందో, తేదీతో సహా ఎక్కింది. రాసినవారి పేరు కూడా పెట్టమన్నాడాయన. ఆయన పేరు కాలేజీ సైటులోకి రావడం అదే మొదలు. మిగతా పదిహేను సంగతులకు కూడా కార్డులున్నాయని, నాలుగింటిమీద 'సం' ఉందని ఒక కాగితంమీద రాసి లెక్చరర్ మేడమ్‌కు పంపించాడు. చూస్తుందని ఆయనకు తెలుసు.

లైబ్రరీకి తిరిగి వచ్చేసరికి అయిదుకు పది నిమిషాలు తక్కువ. అటెండరమ్మ కిటికీలు మూస్తోంది. ఆయన చేరిన మూడేళ్ళకు చేరిన మనిషి, ఇంకో ఏడాది సర్వీసుంది. అమ్మాయి ఫైలుకోసం వచ్చి బల్ల దగ్గర తచ్చాడుతోంది.

"రేపట్నుంచి ఎవర్ని అడగాలి సార్?"

కొత్తవాళ్ళను ఎప్పుడు వేస్తారో ఆయనకూ తెలియదు. సొరుగులోంచి ఖాళీ కార్డుల కట్ట తీసి బల్లమీద, అందరికీ కనపడేచోట పెట్టాడు. "ముందు కూర్చో. కూర్చుని కార్డు రాయి. సగం పని అక్కడే అయిపోతుంది. మిగతా సగానికి ఇప్పుడు నీకు దారి తెలుసుగా. నీ తరవాత వచ్చినవాళ్ళకి నువ్వు చెప్పు."

అమ్మాయి తలూపింది. దండం పెట్టబోయి, ఏమనుకుందో మానేసి, ఒక కార్డు తీసుకుని ఫైల్లో పెట్టుకుని వెళ్ళింది.

ఆయన ఇంకో కార్డు తీసి, పట్టికలో ఉన్నదంతా గుండ్రటి అక్షరాల్లో రాసి, మూలన 'పూర్తి' అని గుర్తు పెట్టి, వెనకగదిలో పాతదాని చోట ఉంచాడు. పాత కార్డు చేతిలో మిగిలింది. ఇంక దానితో పని లేదు. కాసేపు అటూ ఇటూ తిప్పి చూసి, నాలుగు మడతలు పెట్టాడు. మోకాళ్ళమీద కూర్చుని, స్టూలు కురచ కాలు కింద దోపాడు. చేత్తో నొక్కి చూశాడు. కదల్లేదు. లేచి, దానిమీద కూర్చుని కూడా చూశాడు. బాగుంది.

జేబులో ఫోను మోగింది.

"బయల్దేరారా? స్టూలు తెస్తున్నారా?" అంది భార్య.

"స్టూలు లేదు. నేనొస్తున్నా."

అటువైపు నవ్వు వినపడింది. "సర్లెండి. మీరే దానికన్నా పొడుగు. ఇంక రోజంతా ఇంట్లోనే ఉంటారుగా."

ఆయనకు హాయిగా అనిపించింది. తాళాలు అటెండరమ్మ చేతిలో పెట్టాడు. లంచి డబ్బా, గొడుగు తీసుకున్నాడు. వెళ్ళొస్తానమ్మా అన్నాడు, రోజూ అన్నట్టే. ఆవిడా రోజూ అన్నట్టే మంచిది సార్ అంది. వాలిన ఎడంభుజం మరికాస్త కిందికి దింపుకుని ఆయన మెట్లు దిగి, సైకిలు స్టాండు దాటి, గేటులోంచి బయటికి వెళ్ళిపోయాడు.

అటెండరమ్మ ఫ్యాన్లు కట్టేసింది, దీపాలు ఆర్పింది, బల్ల చుట్టూ ఊడ్చింది. ఎప్పట్లాగే అడ్డంగా ఉందని స్టూలును చీపురుతో ఒక పోటు పొడిచింది. అది ఊగలేదు, కురచ కాలు కింద మడిచిన కార్డుతో, జానెడు ముందుకూ బెత్తెడు వెనక్కీ సరిచూసిన చోటే కుదురుగా ఉంది.